బెంగళూరులో కారు కొంటున్నారా? బంకు రేటు కాదు, మీ కిలోమీటర్లు చూసుకోండి

పెట్రోల్ రేటు పెరుగుతుందని టీవీలో నాలుగు రోజులు వరసగా చెప్పారంటే చాలు, ఐదో రోజు మా బావమరిది దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. "బావా, డీజిల్ తీసుకుందామా, ఎలక్ట్రిక్ తీసుకుందామా, ఏదో ఒకటి నువ్వే చెప్పు" అంటాడు. తనొక్కడే కాదు, కుందలహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో ఉన్న మనవాళ్లు, ఆఫీసులో కొత్తగా చేరిన అనంతపురం, కడప, నెల్లూరు పిల్లలు, అందరిదీ అదే ప్రశ్న. అందరికీ నేను ముందు అడిగేవి రెండే: నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావు, రాత్రి కారు ఎక్కడ పెడతావు? ఈ రెండిటికీ జవాబు చెప్పకుండా ఈ రోజు లీటరు ఎంత ఉందో చెప్పేవాళ్లకి ఏ కారు కొనాలో చెప్పడం నావల్ల కాదు.

ఎందుకంటే ఇదివరకు ఒకసారి రేటు చూసి కొన్నాను, నష్టపోయాను. ఆ కథ డీజిల్ దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

ముందు రేటు సంగతి. పెట్రోల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లో తీసేశారు, డీజిల్ మీద 2014 అక్టోబర్‌లో. 2017 జూన్ 16 నుంచి దేశమంతా రోజూ ఉదయం ఆరింటికి రేటు మారే పద్ధతి వచ్చింది, అంతకు ముందు నెలన్నర పాటు ప్రయోగంగా ఐదు ఊళ్లలో నడిపారు, అందులో మన విశాఖపట్నం ఒకటి. కాగితం మీద రోజూ మారాలి గానీ, నిజంగా జరిగేది వేరు. 2021 నవంబర్ నుంచి 2022 మార్చి 22 దాకా నాలుగు నెలలకి పైగా రేటు కదల్లేదు, ఆ తర్వాత పదహారు రోజుల్లో పద్నాలుగు సార్లు పెంచి లీటరుకి 10 రూపాయలు ఎక్కించారు. 2020లో ఇంకా విచిత్రం, కరోనా దెబ్బకి ప్రపంచమంతా ముడిచమురు పడిపోతే మే నెలలో కేంద్రం ఒక్కసారే పెట్రోల్ మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు సుంకం పెంచింది, బంకులో మనకి తగ్గింది ఏమీ లేదు. అంటే ముడిచమురు ధర చూసి బంకు రేటు ఊహించలేం, బంకు రేటు చూసి వచ్చే ఎనిమిదేళ్లు అసలే ఊహించలేం. కారు మాత్రం మన దగ్గర ఎనిమిదేళ్లు ఉంటుంది.

బెంగళూరులో లీటరు పెట్రోల్ 2021 జూన్‌లో వంద దాటింది. అప్పట్నుంచి పన్ను తగ్గించారు, మళ్లీ పెంచారు, 2024 జూన్‌లో కర్ణాటక అమ్మకపు పన్ను పెంచాక 103 దగ్గర ఆగింది. డీజిల్ మీద 2025 ఏప్రిల్‌లో ఇంకో రెండు రూపాయలు పెంచడంతో 91 దగ్గరికి వచ్చింది. ఇక్కడి లెక్కలన్నీ ఆ 103, 91 పెట్టి వేసినవే, మీరు చదివే రోజున రేటు వేరే ఉంటే అంకె మార్చుకోండి, పద్ధతి అదే.

రేటు పెరిగితే మనం ఏం చేస్తామో కూడా చెప్పాలి, ఎందుకంటే కొనేటప్పుడు అందరూ "ఇక నుంచి కారు తక్కువ తీస్తాలే" అనుకునే కొంటారు. 2022 మార్చిలో రోజుకి 80 పైసలు చొప్పున పెరుగుతున్నప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో కారు పంచుకుని ఆఫీసుకి వెళ్దామని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. వారంలో నలభై మంది చేరారు. ఆగస్టు వచ్చేసరికి నిజంగా కలిసి వెళ్తున్న కార్లు మూడే. మిగతావాళ్లది తప్పని నేను అనను, ఒకళ్లకి మీటింగ్ ఎనిమిదింటికి, ఒకళ్లకి పిల్లని స్కూల్ దగ్గర దించాలి, ఇంకొకళ్లు సాయంత్రం ఎప్పుడు బయల్దేరతారో వాళ్లకే తెలీదు. కొత్త రేటు రెండు నెలల్లో అలవాటైపోతుంది, మనిషి పాత దారిలోకి వచ్చేస్తాడు. నేను చూసినంతలో నిలిచిన మార్పులు రెండే. పాల ప్యాకెట్‌కీ కూరగాయలకీ కారు తీయడం మానేసి స్కూటర్ కొనుక్కున్నవాళ్లు ఆ అలవాటు వదల్లేదు. 2023 అక్టోబర్‌లో మెట్రో పర్పుల్ లైను వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా పూర్తయ్యాక మెట్రోకి మారినవాళ్లలో చాలామంది, 2025 ఫిబ్రవరిలో టికెట్టు పెరిగి గరిష్ఠం 90 రూపాయలు అయినా, తిట్టుకుంటూనే మెట్రోలోనే వెళ్తున్నారు. రేటు కంటే టైమ్ ముఖ్యం మరి. ఊళ్లలో ట్రాఫిక్ కొలిచే టామ్‌టామ్ సంస్థ లెక్క ప్రకారం 2022లో బెంగళూరు నడిబొడ్డున పది కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 29 నిమిషాల 10 సెకన్లు పట్టింది, ఇంత నెమ్మదిలో ప్రపంచంలో లండన్ తర్వాత మనదే.

ఇంకో అలవాటు మన తెలుగువాళ్లకి ప్రత్యేకం. శుక్రవారం రాత్రి హైదరాబాద్ హైవే మీద బాగేపల్లి దగ్గర బంకుల్లో నిలబడి చూడండి. ఏపీ నంబర్లు, తెలంగాణ నంబర్లు, కేఏ నంబర్లలో కూడా సగం మంది మనవాళ్లే, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు, డిక్కీలో ఊరికి తీసుకెళ్లే సామాను. అందరూ ఒకటే మాట, "ఫుల్ చేయండి". సరిహద్దు దాటితే ఆంధ్రలో 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి, అన్నీ కలిసి లీటరు 109 దాటుతుంది. నలభై లీటర్ల ట్యాంకుకి రెండు వందల యాభై రూపాయలు మిగులుతాయి. నేనూ అక్కడే నింపుకుంటాను. కానీ ఈ రెండు వందల యాభై కోసం కష్టపడే మనమే, కారు కొనేటప్పుడు మూడు నాలుగు లక్షల తేడాని పది నిమిషాల్లో తేల్చేస్తాం, అదే నాకు బాధ.

ముందు మీ మైలేజీ కనుక్కోండి

కంపెనీ చెప్పే మైలేజీ ప్రయోగశాలలోది. డ్యాష్‌బోర్డు చూపించేది కూడా సాధారణంగా కాస్త ఎక్కువే ఉంటుంది. బంకుకి వెళ్లి "ఐదొందలకి కొట్టు" అనేవాళ్లకి తమ కారు ఎంత ఇస్తుందో ఎప్పటికీ తెలీదు. ఇలా చేయండి: ట్యాంకు ఫుల్ చేయించి, గొట్టం దానంతట అదే టక్కున ఆగిన చోట ఆపేయమనండి, రౌండ్ ఫిగర్ కోసం ఇంకా పోయనివ్వకండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మామూలుగా తిరగండి. మళ్లీ అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, అలాగే టక్కున ఆగేదాకా నింపించి, ట్రిప్ మీటర్‌లో ఉన్న కిలోమీటర్లని ఈసారి పట్టిన లీటర్లతో భాగించండి. మూడు ట్యాంకులు చేస్తే నిజం బయటపడుతుంది. నా కారులో సీటు పక్క అరలో ఒక చిన్న నోట్‌బుక్ ఉంటుంది, ఆఫీసు వారాల్లో 10.8, ఊరికి వెళ్లొచ్చిన వారం 18.5. ఒకటే కారు, ఒకటే డ్రైవరు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే బెంగళూరులో కారు ఎంచుకోవడంలో సగం కథ.

ఇప్పుడు ఒక్కోటి చూద్దాం. నాలుగు మీటర్ల చుట్టుపక్కల ఉండే చిన్న ఎస్‌యూవీని ఉదాహరణగా తీసుకుంటున్నాను, మనవాళ్లు ఎక్కువగా అడిగేది అదే.

పెట్రోల్

మన ట్రాఫిక్‌లో లీటరుకి పది అనుకుంటే కిలోమీటరుకి 10 రూపాయల 30 పైసలు. చూడటానికి ఎక్కువే. కానీ నెలకి ఐదారొందల కిలోమీటర్లే తిరిగేవాళ్లకి నెల ఖర్చు ఆరు వేలు, దాన్ని సగం చేయడానికి మూడు లక్షలు ముందే కట్టడంలో అర్థం లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 1200 సీసీ లోపు, నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, అంతకు ముందు 28 శాతం, పైన సెస్సు. కర్ణాటకలో రోడ్ ట్యాక్స్ దేశంలోనే ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో ఒకటి, కారు ధరని బట్టి 13 నుంచి 18 శాతం దాకా వెళ్తుంది, కాబట్టి ఖరీదైన రకానికి వెళ్లిన కొద్దీ ఇక్కడ మనకి తగిలే దెబ్బ వేరే రాష్ట్రాల కంటే ఎక్కువ. తక్కువ తిరిగేవాళ్లకి మామూలు పెట్రోల్ కారు మంచిదనడానికి ఇది కూడా ఒక కారణం.

ఇ20 గురించి చాలామంది టెన్షన్ పడుతున్నారు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2025కి దేశమంతా వచ్చేసింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే తక్కువ కాబట్టి మైలేజీ కొంత పడుతుంది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కారైతే భయం అక్కర్లేదు. అంతకంటే పాతది సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటుంటే మాత్రం రబ్బరు పైపులు, గాస్కెట్లు ఒకసారి మెకానిక్‌కి చూపించండి, మైలేజీ లెక్కలో కూడా ఐదు శాతం తగ్గించి వేసుకోండి.

డీజిల్

ఇదీ నా కథ. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోల్ 73 రూపాయలు, డీజిల్ 41. లీటరు దగ్గర ముప్పై పైన తేడా. దేశంలో అమ్ముడయ్యే కార్లలో సగానికి పైగా డీజిల్‌వే అయిపోయిన రోజులవి. 2013లో నేను కూడా ఆ గాలిలోనే, పెట్రోల్ బండి కంటే లక్షా ఇరవై వేలు ఎక్కువ పెట్టి డీజిల్ హ్యాచ్‌బ్యాక్ తీసుకున్నాను. నాన్న ఒకే మాట అడిగారు, "నువ్వు తిరిగేదెంతరా?" నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. ఏడేళ్లలో తిరిగింది 49 వేల కిలోమీటర్లు, అంటే నెలకి ఆరొందల లోపు. ఈలోగా డీజిల్ మీద నియంత్రణ పోయింది, తేడా ఏటా కరిగిపోతూ వచ్చింది, 2020 జూన్‌లోనైతే ఢిల్లీలో డీజిల్ రేటు పెట్రోల్‌ని దాటేసింది కూడా. నేను పెట్టిన లక్షా ఇరవై వేలూ ఎప్పటికీ తిరిగి రాలేదు. సర్వీసు ఖర్చు పెట్రోల్ బండి కంటే ఎక్కువ అయింది, అది వేరే లెక్క.

2020 ఏప్రిల్‌లో బండి పొగ మీద బీఎస్6 అనే కఠినమైన నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు అమ్మడమే మానేసింది. ఇప్పుడున్న డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు ఇంజను బాగా వేడెక్కి ఆ మసిని కాల్చేయాలి, అంత వేడి రావాలంటే బండి కాసేపు ఆగకుండా, వేగంగా నడవాలి. మా బావమరిది స్నేహితుడు ఒకాయన బెళ్లందూరు నుంచి మారతహళ్లికి, రోజూ ఆరు కిలోమీటర్లు, సిల్క్ బోర్డు వైపు నుంచి వచ్చే ట్రాఫిక్ వరదలో పాక్కుంటూ వెళ్లేవాడు. నాలుగో నెలలోనే డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు. సర్వీస్ సెంటర్‌లో మెషీన్ పెట్టి కాల్చి పంపారు, రెండు నెలలకి మళ్లీ లైటు. బండిలో లోపం లేదు, ఆ బండి ఆ దారికి పనికొచ్చేది కాదు, అంతే. ఇప్పటికే డీజిల్ ఉన్నవాళ్లు పది రోజులకోసారైనా ఆదివారం పొద్దున్నే ఎయిర్‌పోర్టు రోడ్డు మీదో ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మీదో అరగంట ఒకే వేగంతో నడపండి.

లెక్క చూస్తే, సిటీలో లీటరుకి 13 వస్తుందనుకుంటే కిలోమీటరుకి 7 రూపాయలు, పెట్రోల్ కంటే 3 రూపాయల 30 పైసలు తక్కువ. పన్నులన్నీ కలిపిన ఆన్ రోడ్ ధరలో తేడా లక్షన్నర అయితే అది రావడానికి 45 వేల కిలోమీటర్లు కావాలి. నెలకి 700 తిరిగేవాళ్లకి అయిదేళ్ల పైన, 2000 తిరిగేవాళ్లకి రెండేళ్ల లోపు. ప్రతి వారం ఊరికి వెళ్లేవాళ్లు, హైవే మీద వ్యాపారం ఉన్నవాళ్లు, ఏడుగురు కూర్చునే పెద్ద బండి కావాల్సినవాళ్లు, వీళ్లకి డీజిల్ ఇప్పటికీ మంచిదే. మిగతావాళ్లు వదిలేయండి.

సీఎన్‌జీ

దీనిలో ఒక చిన్న మెలిక ఉంది, పెట్రోల్ లీటర్లలో, ఇది కిలోల్లో. 90 రూపాయలు, 103 రూపాయలు అని పక్కపక్కన పెట్టి "పెద్ద తేడా ఏముంది" అనేవాళ్లని చూశాను. కిలోకి ఎంత దూరం వస్తుందో చూడాలి. చిన్న హ్యాచ్‌బ్యాక్ మన సిటీలో పెట్రోల్‌తో 14, గ్యాస్‌తో కిలోకి 20 ఇస్తుందనుకోండి, కిలో 90 రూపాయల దరిదాపుల్లో ఉంటే కిలోమీటరుకి నాలుగున్నర, పెట్రోల్‌తో ఏడు రూపాయల ముప్పై అయిదు. తేడా 2 రూపాయల 85 పైసలు. గ్యాస్ రకానికి అదనంగా తొంభై వేలు పెడితే 32 వేల కిలోమీటర్లలో వచ్చేస్తుంది.

అయితే ఈ తేడా కూడా శాశ్వతం కాదు. ఢిల్లీలో 2021 మొదట్లో కిలో 43 దగ్గర ఉన్న గ్యాస్ 2022 డిసెంబర్‌కి 79 దాటింది, ఉక్రెయిన్ యుద్ధంతో ప్రపంచమంతా గ్యాస్ ధరలు ఎగిరిన ఏడాది అది. ఇంకోటి, ఇంటి దగ్గర బంకు ఉందో లేదో చూసుకోవడం ఒక్కటే చాలదు, సాయంత్రం ఏడింటికి అక్కడ ఎన్ని ఆటోలు వరసలో ఉంటాయో కూడా వెళ్లి చూడండి. సిలిండర్ డిక్కీని మింగేస్తుంది, టాటా వాళ్లు రెండు చిన్న సిలిండర్లు పెట్టి కొంత చోటు మిగిల్చారు, అయినా ఊరి నుంచి బియ్యం బస్తా, మామిడిపళ్ల పెట్టె తెచ్చుకునేవాళ్లకి ఇబ్బందే. మూడేళ్లకోసారి సిలిండర్‌కి టెస్ట్ చేయించాలి. నలుగురితో ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు పెట్రోల్‌కి మార్చుకోండి. బయట కిట్ పెట్టించకండి, కంపెనీ బిగించిందే తీసుకోండి.

హైబ్రిడ్

నా మనసుకి బెంగళూరు రోడ్డుకి సరిగ్గా అతికేది ఇదే అనిపిస్తుంది, నా జేబు మాత్రం ఒప్పుకోదు. మన పక్కనే బిడది ఫ్యాక్టరీలో తయారయ్యే టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకి, అంటే పెట్రోల్ ఇంజనుతో పాటు బ్యాటరీ మోటారు కూడా బండిని నడిపే రకాలకి, కంపెనీ చెప్పే మైలేజీ 27.97. ట్రాఫిక్‌లో ఇరవై వచ్చినా చాలు. ఆగి ఆగి వెళ్లే దారిలో ఇంజను ఆఫ్ అయిపోయి బ్యాటరీ మీద కదులుతుంది, బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని మళ్లీ బ్యాటరీకి ఎక్కిస్తుంది, అందుకే మామూలు కార్లకి సిటీలో మైలేజీ పడిపోతుంటే దీనికి అక్కడే లాభం ఎక్కువ. ప్లగ్గు అక్కర్లేదు, దాని కోసం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దయ అక్కర్లేదు. చిక్కల్లా ధర. నాలుగు మీటర్లు దాటిన ఈ కార్లకి జీఎస్టీ 40 శాతం, ఎలక్ట్రిక్‌కి 5 శాతమే, పైన మన రోడ్ ట్యాక్స్. మామూలు పెట్రోల్ రకం కంటే ఆన్ రోడ్ నాలుగు లక్షలు ఎక్కువైతే, కిలోమీటరుకి మిగిలే 5 రూపాయల 15 పైసలతో దాదాపు 78 వేల కిలోమీటర్లు తిరగాలి.

ఇక్కడే అసలు విషయం చూపిస్తాను, దయచేసి ఓపిగ్గా చదవండి. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగే మనిషికి పెట్రోల్ 103 ఉంటే హైబ్రిడ్‌తో నెలకి 5,150 మిగులుతాయి. పెట్రోల్ 90కి పడిపోతే 4,500. 120కి పోతే 6,000. అంటే లీటరు మీద ముప్పై రూపాయలు అటూ ఇటూ అయినా నెల పొదుపులో తేడా పదిహేను వందలే. అదే రేటు 103 దగ్గరే ఉంచి కిలోమీటర్లు మార్చండి: ఐదొందలు తిరిగితే 2,575, పదిహేను వందలు తిరిగితే 7,725. తేడా ఐదు వేల పైన. టీవీలో రేటు చూసి భయపడేకంటే మీ ఓడోమీటర్ చూసుకోవడం మూడింతలు పనికొస్తుంది. మీ లెక్కని 90తో ఒకసారి, 120తో ఒకసారి వేయండి, రెండిట్లోనూ ఒకే కారు గెలిస్తే ధైర్యంగా కొనండి. రేటు మారగానే జవాబు మారిపోతుంటే, ఆ రెండు కార్ల మధ్య డబ్బు తేడా పెద్దగా లేదన్నమాట, మీకు, ఇంట్లోవాళ్లకి నచ్చింది తీసుకోండి.

ఎలక్ట్రిక్

2001లోనే రోడ్డెక్కిన రేవా బెంగళూరు బండే, కాబట్టి ఈ ఊరికి ఎలక్ట్రిక్ కారు కొత్త కాదు. ఇక్కడ మీ రెండో జవాబు, అంటే రాత్రి కారు ఎక్కడ పెడతారన్నది, అన్నిటికంటే ముఖ్యం.

సొంత పార్కింగ్‌లో మీ మీటరు నుంచి ఛార్జింగ్ ఉంటే యూనిట్ అన్నీ కలిపి ఎనిమిది వేసుకున్నా, గోడ దగ్గర తీసుకున్న యూనిట్‌కి ఆరు కిలోమీటర్లు వచ్చినా, కిలోమీటరుకి 1 రూపాయి 33 పైసలు. నెలకి వెయ్యి తిరిగితే పెట్రోల్ కంటే దాదాపు తొమ్మిది వేలు మిగులు. మూడు లక్షలు ఎక్కువ పెట్టినా మూడేళ్లలో వచ్చేస్తాయి. బయట ఫాస్ట్ ఛార్జర్ మీదే ఆధారపడితే యూనిట్ 22 అనుకోండి, కిలోమీటరుకి 3 రూపాయల 67 పైసలు. ఖర్చు ఇప్పటికీ తక్కువే, కానీ వారానికి రెండు సార్లు ముప్పావు గంట కారులో కూర్చోవడం ఎవరికి కుదురుతుంది? అద్దె ఇంట్లో, వీధిలో కారు పెట్టేవాళ్లకి నేను ఇప్పుడప్పుడే ఎలక్ట్రిక్ తీసుకోమని చెప్పను.

అద్దెకి ఉండి గృహజ్యోతి, అంటే కర్ణాటక ప్రభుత్వం ఇళ్లకి ఇచ్చే ఉచిత కరెంటు పథకం, వాడుకుంటున్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి, దీని గురించి షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. నెల వాడకం 200 యూనిట్లు దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. ఇంటికి 150 యూనిట్లు అవుతున్నాయనుకోండి, కారు వెయ్యి కిలోమీటర్లకి ఇంకో 167 తాగుతుంది, ఉచితం మొత్తం పోయి, ఇన్నాళ్లూ సున్నా వచ్చిన బిల్లు రెండు వేలు దాటుతుంది. దీనికి దారి, మన కరెంటు సంస్థ బెస్కాం దగ్గర కారు ఛార్జింగ్‌కి వేరే కనెక్షన్ తీసుకోవడం, దానికి టారిఫ్ కూడా విడిగా ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో దీని మీద మూడు మీటింగులు జరిగాయి. కేబుల్ ఎవరి పార్కింగ్ మీదుగా వెళ్లాలి, బేస్‌మెంట్‌లో మంటలు వస్తే ఎవరు బాధ్యులు, లోడు ఎంత మందికి సరిపోతుంది... మూడో మీటింగ్‌లో రెండో అంతస్తు పెద్దాయన ఒకరు, "కేబుల్ నా పార్కింగ్ పైనుంచి వేసుకోండి బాబూ, రేపు మా మనవడికీ కావాల్సిందే" అన్నాకే తేలింది. అందుకని బుకింగ్ డబ్బు కట్టకముందే అసోసియేషన్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కారు మూడు వారాల్లో వచ్చేసి, ప్లగ్గు పాయింటు కోసం నాలుగు నెలలు తిరిగినవాళ్లు మా బ్లాకులోనే ఉన్నారు.

ఊరి ప్రయాణం సంగతి: అనంతపురం ఒకవైపు 210 కిలోమీటర్ల పైచిలుకు. పెద్ద బ్యాటరీ ఉంటే ఆగకుండా చేరతారు, చిన్నదైతే దారిలో ఒకసారి ఆగాలి. మామూలు రోజుల్లో టిఫిన్ తినేలోగా సరిపోతుంది. సంక్రాంతికి, దసరాకి అందరూ ఒకే రాత్రి బయల్దేరతారు కదా, ఆ రోజు ఛార్జర్ దగ్గర వరస ఉంటుందని ముందే అనుకుని వెళ్లండి, చిన్న పిల్లలో పెద్దవాళ్లో ఉంటే పగలు బయల్దేరండి. బ్యాటరీకి చాలా కంపెనీలు ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే ఎంత వస్తుందన్నది మాత్రం పెట్రోల్ కారుకి చెప్పినంత గట్టిగా చెప్పలేం, అందుకే మూడేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవాళ్లు దీనికి దూరంగా ఉండటం మేలు. ఎనిమిదేళ్లు వాడేవాళ్లకి ఆ బాధ లేదు.

మా బావమరిది సంగతి చెప్పలేదు కదా. వాళ్లది కె.ఆర్.పురంలో సొంత ఇల్లు, కింద పార్కింగ్, భార్యాభర్తలిద్దరూ ఒకే కారులో రోజుకి నలభై కిలోమీటర్లు, ఊరికి రెండు నెలలకోసారి. నోట్‌బుక్ ఇచ్చి రెండు నెలలు రాయమన్నాను. నెలకి 1,100 తేలింది. లెక్క 90తో వేసినా 120తో వేసినా ఎలక్ట్రికే గెలిచింది. అదే మా చెల్లెలికి, ఇంటి నుంచి పని, నెలకి 350 కిలోమీటర్లు, చేతిలో 2018 నాటి పెట్రోల్ కారు. కొత్తది వద్దన్నాను, టైర్లు మార్పించుకుని, గాలి పదిహేను రోజులకోసారి చూపించుకుని, అదే నడుపుకోమన్నాను. ఇద్దరిలో ఎక్కువ డబ్బు మిగిలింది చెల్లెలికే.

ఇంక టెస్ట్ డ్రైవ్. ఆదివారం పొద్దున్న పదింటికి ఖాళీ రోడ్డు మీద ఏ కారైనా బాగానే ఉంటుంది. పనిరోజు సాయంత్రం ఆరున్నరకి అడగండి, మీ ఆఫీసు దారిలోనే, ఏసీ వేసి, ఇంట్లోవాళ్లని వెనక కూర్చోబెట్టుకుని, కనీసం గంట. ఇంజను ఎన్నిసార్లు ఆగి మొదలవుతుందో, క్లచ్ కాలు ఎంత నొప్పి పెడుతుందో, బ్యాటరీ ఎన్ని శాతం తగ్గిందో అప్పుడే తెలుస్తుంది. కుదరదంటే ఇంకో షోరూమ్‌కి వెళ్లండి, ఈ ఊళ్లో షోరూమ్‌లకేం తక్కువ లేదు.